ప్లేటులో మట్టి వాసన

కొత్తగా ల్యాబుల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తుంటారు. కాఫీ తాగడం అయ్యాక అందరూ అడిగేది ఒకటే: "మీ సర్వీసులో మీరు పట్టుకున్న పెద్ద కేసు ఏంటి మేడం?" వాళ్ళు ఘనకార్యం వినాలని వస్తారు. నేనేమో రెండుసార్లు పారేసిన కేసు గురించి మొదలుపెడతాను. అప్పటికే కాఫీ తాగేశారు కాబట్టి మొహమాటానికి మధ్యలో లేచి వెళ్ళలేరు.

నేను విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రిలో, సూక్ష్మజీవుల్ని పరీక్షించే ల్యాబులో టెక్నీషియన్‌గా చేరి అక్కడే రిటైరయ్యాను. మాది మంగళగిరి, నేతపని చేసే ఇల్లు. రోజూ పొద్దున్నే బస్సెక్కి బ్యారేజీ దాటి వెళ్ళేదాన్ని, సాయంత్రం అదే బ్యారేజీ దాటి వచ్చేదాన్ని.

మా పని ఇంతే. జ్వరం తగ్గని మనిషి రక్తం ఒక సీసాలో మా దగ్గరికి వస్తుంది. సీసాతో పాటు ఒక ఫారం. అందులో పేరు, వయసు, వార్డు నంబరు, జబ్బు గురించి రెండు ముక్కలు. మనిషి మాత్రం మాకు కనపడడు. ఆ రక్తంలో ఏదైనా సూక్ష్మజీవి ఉంటే దాన్ని ప్లేటు మీద పెంచుతాం. ప్లేటంటే అన్నం ప్లేటు కాదు, అరచేతిలో పట్టే గుండ్రటి డబ్బా, లోపల జెల్లీ. మర్నాటికి దాని మీద చుక్కలు చుక్కలుగా పెరుగుతుంది. ఆ చుక్కల రంగూ ఆకారమూ చూసి, పైన మరికొన్ని పరీక్షలు చేసి, అది ఫలానా అని రాస్తాం. రెండు రోజులు దాటితే ప్లేటుకు కాలం చెల్లినట్టే. ఆటోక్లేవులో, అంటే ఆవిరితో ఉడికించే నిలువెత్తు కుక్కరులో వేసి చంపి పారేస్తాం.

రంగు, ఆకారం కాక ఆ రోజుల్లో మూడోది కూడా ఉండేది. వాసన. మూత కొంచెం ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంటే కొన్ని జాతులు పరీక్ష అక్కర్లేకుండానే పేరు చెప్పేస్తాయి. సూడోమోనాస్ అనేదానికి ద్రాక్షపళ్ళ వాసన వస్తుంది. ఈ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరని నాకో పొగరు. దాన్ని పెంచి పోషించడానికి చుట్టూ జనం ఉండనే ఉన్నారు. "ముందు ఆవిడ ముక్కుకు చూపించండి" అని డాక్టర్లే అనేవారు. పిల్లలూ, మీరు మాత్రం ఈ పని చెయ్యకండి. ఎందుకు వద్దంటున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

రెండువేల అయిదో ఆరో అయి ఉంటుంది. వానాకాలం. నాట్లు అయిపోయాయి, ల్యాబు గోడలన్నీ చెమ్మ. ఊపిరితిత్తుల వార్డు నుంచి ఒక సీసా వచ్చింది. నలభై అయిదేళ్ళ మనిషి, షుగరు ఉంది, రెండు నెలలుగా జ్వరం. క్షయ అనుకుని మందులు వాడుతున్నారు, తగ్గడం లేదు. ప్లేటు మీద మర్నాటికి సన్నటి చుక్కలు వచ్చాయి. నేను మూత ఎత్తి చూశాను. ద్రాక్ష వాసన రాలేదు, మట్టి వాసన వచ్చింది.

అప్పుడు నా బుర్ర ఎలా పనిచేసిందో చెబుతాను వినండి. మట్టి వాసన అంటే మట్టిలో ఉండే పురుగు. మట్టిలో ఉండే పురుగుకు మనిషి రక్తంలో ఏం పని? వానాకాలం, కిటికీలు సరిగ్గా పడవు, ఎక్కడో దుమ్ము పడింది. లేకపోతే వార్డులో రక్తం తీసినవాళ్ళు చెయ్యి సరిగ్గా కడుక్కోలేదు. "బయటి దుమ్ము కలిసింది, మళ్ళీ పంపండి" అని రాసేశాను. ప్లేటు కుక్కరులోకి పోయింది.

నాలుగు రోజులకు రెండో సీసా వచ్చింది. మళ్ళీ అదే సన్నటి చుక్కలు, అదే మట్టి వాసన. ఈసారి నాకు కోపం వచ్చింది. అదే మాట రాసి, కింద "దయచేసి శుభ్రంగా తీయగలరు" అని కూడా చేర్చాను. ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత.

ఆ కాగితం పట్టుకుని వార్డు సిస్టరు గారు స్వయంగా మా గుమ్మంలోకి వచ్చారు. నాకంటే పదేళ్ళు పెద్దావిడ.

"నేను రెండుసార్లు స్పిరిట్ రాసి, ఆరేదాకా ఆగి తీశానండీ. ఇరవై ఏళ్ళుగా తీస్తున్నాను. ఇంతకంటే శుభ్రంగా ఎలా తీయాలో మీరొచ్చి చూపించండి" అన్నారు.

"ప్లేటు అబద్ధం చెప్పదు కదండీ" అన్నాను నేను.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం మనుషులు మీ ల్యాబులో కూడా ఒకరుంటారు. మా ల్యాబులో అది నేనే.

అయితే ఆ వారమే మా ఆటోక్లేవు పాడైంది. మూత చుట్టూ ఉండే రబ్బరు పట్టీ చిట్లి, ఆవిరంతా బయటికి పోతోంది. కొత్త పట్టీ హైదరాబాదు నుంచి రావాలి. ఆటోక్లేవు బాధ్యత కొండపల్లి నుంచి వచ్చే మా అటెండరుది. రోజూ రైల్లో వచ్చేవాడు. నన్ను అక్కగారూ అనేవాడు. చంపాల్సిన ప్లేట్లన్నీ ఎర్ర బకెట్లలో వేసి, మూతలు పెట్టి, గది మూలన వరసగా పేర్చాడు. రోజుకో బకెట్టు పెరుగుతుంటే వాడి గొణుగుడూ పెరిగింది.

అయిదో రోజు నన్ను పిలిచాడు. "అక్కగారూ, మూత పట్టట్లేదు. కాసిని ప్లేట్లు ఇంకో దాంట్లో సర్దుతున్నా. ఇదేందో చూడండి, ఇట్టాంటిది నేనెప్పుడూ చూళ్ళేదు."

వాడి చేతిలో ప్లేటు చూశాను. చుక్కలు పెద్దవై, ఎండి, ముడతలు పడి ఉన్నాయి. బట్టలుతికినాక నీళ్ళలో నానిన వేలికొసలు ఎలా ఉంటాయో అచ్చం అలా. నేను కూడా అలాంటిది చూడలేదు. ఎందుకు చూస్తాను? మా దగ్గర ఏ ప్లేటుకూ రెండు రోజుల కంటే ఆయుష్షు లేదు కదా. వెనక నంబరు చూస్తే ఆ క్షయ రోగిదే, రెండో సీసా.

దుమ్ము పడడం మామూలే. కానీ ఒకే దుమ్ము, నాలుగు రోజుల తేడాతో, ఒకే మనిషి సీసాలో రెండుసార్లు పడుతుందా? ఆ ముక్క మొదటే తోచాలి. చేతులు కాలాక తోచింది.

మా ల్యాబుకు పెద్ద ఒక లేడీ డాక్టరు గారు. నెమ్మదస్తురాలు, ఒక్క మాట ఎక్కువ మాట్లాడరు. ప్లేటు ఆవిడ బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఏ మందుకు అది చస్తుందో పరీక్ష పెట్టించారు. సూడోమోనాస్‌ను చంపే మందుకు ఇది చావలేదు, అది లొంగని మందులకు ఇది లొంగింది. అంతా తలకిందులు. ఆవిడ లావుపాటి పుస్తకం తీసి ఒక పేజీ దగ్గర ఆగారు.

"ఈ ప్లేటు ఎవరైనా వాసన చూశారా?"

"లేదండీ" అన్నాను.

నా వెనకే వచ్చి నిలబడ్డ అటెండరు పైకి ఫ్యాన్ వంక చూశాడు. నేను మాట మార్చాను. "చూశానండీ. రెండుసార్లు."

ఆవిడ పుస్తకం నావైపు తిప్పారు. అందులో ఆ జబ్బు పేరు మెలియాయిడోసిస్ అని ఉంది. మట్టిలో, నీళ్ళలో ఉండే పురుగు. వరిచేలలో దిగేవాళ్ళకు, అందులోనూ షుగరు ఉన్నవాళ్ళకు, గాయంలోంచి ఎక్కుతుంది. అచ్చం క్షయలా వేషం వేస్తుంది. సరైన మందు పడకపోతే మనిషి దక్కడు. చివర్లో ఒక వాక్యం: ల్యాబులో పనిచేసేవాళ్ళు దీన్ని పీల్చకూడదు.

ఊపిరితిత్తుల డాక్టరు గారు మంచి వైద్యుడే, కానీ ముక్కు మీద కోపం. మా డాక్టరు గారు చెప్పింది విని నవ్వేశారు.

"ఇది వియత్నాం వాళ్ళ జబ్బు కదండీ. ఈయనది ఉయ్యూరు. అక్కడిదాకా ఎలా వచ్చింది, బస్సెక్కి వచ్చిందా? మీవాళ్ళే దుమ్మని రెండుసార్లు రాసిచ్చారు. ఇప్పుడు కాదంటున్నారు. నేను దేన్ని నమ్మాలి?"

తప్పు ఆయనది కాదు. అవి నేను రాసిన కాగితాలే. చివరికి క్షయ మందులు ఆపి, మా డాక్టరు గారు చెప్పిన ఇంజెక్షను మొదలుపెట్టడానికి ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద. "ఆరు రోజులు చూస్తాను. జ్వరం దిగకపోతే నా దారిన నేను పోతాను. ఈలోపు అది ఏంటో రుజువు తీసుకురండి."

ఆ రుజువు మా దగ్గర దొరికేది కాదు. మా డాక్టరు గారితో చదువుకున్న ఒకావిడ హైదరాబాదులో పరిశోధన చేస్తున్నారు. సూక్ష్మజీవి జన్యువును అక్షరం అక్షరంగా చదివే యంత్రం వాళ్ళ దగ్గర ఉంది. సీక్వెన్సింగ్ అంటారని అప్పుడే విన్నాను. సుమారు పదిహేను వందల అక్షరాలు చదివి, ప్రపంచంలో ఇంతవరకూ చదివి పెట్టుకున్నవాటితో కంప్యూటరులో పోల్చి చూస్తే జాతి తెలిసిపోతుందట. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. చీర అంచు వేళ్ళ మధ్య పట్టుకుని అది ఏ ఇంటి మగ్గం మీద దిగిందో చెప్పేవాడు. రంగు చూసి మోసపోవచ్చు గానీ పోగులు లెక్కపెడితే మోసం ఉండదనేవాడు.

బతికున్న పురుగును రైల్లో పంపకూడదు. అందుకని మా డాక్టరు గారే చేతులకు తొడుగులు, మొహానికి మాస్కు వేసుకుని దాన్ని ఉడకబెట్టి చంపారు. అక్షరాలు చదవడానికి శవం చాలట. చిటికెన వేలంత గొట్టాల్లో పోసి, కాఫీ ఫ్లాస్కులో ఐసు నింపి, అందులో దించి, అటెండరుకిచ్చి పొద్దుటి రైలెక్కించాం. పక్క సీటాయన, "ఫ్లాస్కు అట్టా ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు, ఒక గుక్క కాఫీ పొయ్యకూడదా" అని అడిగాడట. "కాఫీ కాదండీ, చచ్చిన పురుగులు" అన్నాడట మావాడు. సికింద్రాబాదు దాకా కాళ్ళు చాపుకుని వెళ్ళానని వచ్చి చెప్పాడు.

ఆ రోజు నుంచి మా ల్యాబు కిటికీ దగ్గరికి ఒకామె రావడం మొదలుపెట్టింది. రోగి భార్య. సన్నటి మనిషి, గట్టి గొంతు. రోజూ ఒకటే అడిగేది.

"పేరు తెలిసిందా అమ్మా?"

"ఇంకా లేదమ్మా. హైదరాబాదు పంపాం."

మూడో రోజున కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడిపోయింది. "రెండు నెలలు క్షయ అన్నారు. ఆ మందులు మింగి మింగి కళ్ళు పచ్చబడినయ్. మా తోడికోడలు మా గ్లాసులు వేరే పెట్టింది. పిల్లలకి అంటుకుంటదని మా అమ్మగారింటికి తోలేశా. రెండు నెలలయింది వాళ్ళని చూసి. ఇప్పుడేమో క్షయ కాదేమో అంటన్నారు. మరేందో చెప్పండమ్మా. పేరు లేని రోగానికి ఎన్నాళ్ళని కాపలా కాయను?"

నేను దుమ్మని రాసిన కాగితాల సంగతి అప్పుడే చెప్పాల్సింది. రేపు రమ్మని పంపేశాను.

ఇంజెక్షను మొదలుపెట్టి ఆరు రోజులయ్యాయి. జ్వరం నూటమూడు, మొదటిరోజు ఎంతో అంతే. కడుపు స్కానింగులో ప్లీహంలో చీము కనపడుతోంది. ఊపిరితిత్తుల డాక్టరు గారు అన్న మాట నిలబెట్టుకున్నారు. ఇంజెక్షను ఆపేస్తాను, రేపు కోసి ప్లీహం తీయిద్దాం అన్నారు. ఈ బలహీనతలో బల్ల మీద నుంచి లేస్తాడని చెప్పలేనని సర్జను ముందే చెప్పేశారు.

మధ్యాహ్నం ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. ఈసారి పేరు అడగలేదు.

"కోసినా పోతాడంట, కొయ్యకపోయినా పోతాడంట. ఇంటికి తీసుకుపోతన్నామమ్మా. కారు మాట్లాడాం. మీరందరూ శ్రమపడ్డారు, చెప్పి పోదామని వచ్చా."

ఆమె ఇంకా మెట్లు దిగుతూనే ఉంది, మా డాక్టరు గారి గదిలో ఫోను మోగింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ ఊఁ, ఊఁ అంటూ ఒక ఫారం వెనక్కి తిప్పి రాసుకుంటున్నారు. "రెండుసార్లు చదివారా? రెండుసార్లూ అదేనా?" అన్నారు. ఫోను పెట్టేసి నావైపు చూశారు.

"దుమ్ము కాదు, సూడోమోనాస్ కాదు. అదే. ఇంకోటి కూడా చెప్పింది. సరైన మందు పడినా ఈ జ్వరం వెంటనే దిగదట. పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుందట. ఇవన్నీ రాసిన కాగితాలు మెయిల్లో పంపుతోంది."

అన్నాళ్ళ సర్వీసులో ఆవిడ పరిగెత్తడం నేను చూసింది ఆ రోజే. నేనూ వెనకే పరిగెత్తాను. ఆసుపత్రి ముందు కారు ఆగి ఉంది. మనిషిని ఇంకా కిందికి దించలేదు. వార్డులో ఊపిరితిత్తుల డాక్టరు గారు ఆ ఫారం వెనక రాసినదాన్ని నిలబడే చదివారు, కూర్చుని మళ్ళీ చదివారు.

"ఇంకెన్ని రోజులు ఆగాలంటారు?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు.

"ఒక వారం. మందు మాత్రం మార్చొద్దు."

ఆయన లేచి, తనే బయటికి నడిచి, కారు పంపించేశారు. ఆ తరవాత రోగి భార్యను పిలిచి జబ్బు పేరు చెప్పారు. ఆమె రెండుసార్లు పలకబోయి వదిలేసింది.

"ఇంత పొడుగు పేరేందండీ" అంది. తరవాత మెల్లగా, "ఇది అంటుకుంటదా?"

"మనిషి నుంచి మనిషికి అంటుకోదమ్మా. పొలం మట్టిలోంచి వచ్చింది" అన్నారు మా డాక్టరు గారు.

"అయితే పిల్లల్ని తెచ్చుకోవచ్చా?"

తెచ్చుకోమన్నారు. ఆమె అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది. అన్నాళ్ళూ కిటికీ దగ్గర ఆమె కంట తడి నేను చూడలేదు.

పదకొండో రోజు పొద్దున వార్డు సిస్టరు గారు ఫోను చేశారు. "తొంభైతొమ్మిది ఉందండీ. నమ్మకం కలక్క ఇంకో థర్మామీటరు పెట్టి చూశాను, అంతే ఉంది. చెయ్యి శుభ్రంగా కడుక్కునే చూశాను లెండి" అన్నారు. నాకు తగిలిందే, అయినా ప్రాణం లేచొచ్చింది. పైకి వెళ్ళి అందరి ముందూ క్షమించమని అడిగాను. ఆవిడ నాకు టీ ఇప్పించారు.

ఇక నా సంగతి. పీల్చినవాళ్ళకు జబ్బు వస్తే మూడు వారాల్లోపు బయటపడుతుందని ఆ కాగితాల్లో ఉంది. మూడు వారాలు పొద్దునా సాయంత్రం థర్మామీటరు నోట్లో పెట్టుకున్నాను. బస్సులో ఎవరైనా తుమ్మితే నాకే జలుబు చేసినట్టుండేది. ఇరవై రెండో రోజు బ్యారేజీ మీద బస్సు వెళ్తుంటే కిటికీ తీసి గాలి గట్టిగా పీల్చుకున్నాను. నది వాసన అంత బాగుంటుందని నాకు అంతకుముందు తెలియదు.

అయిదు నెలలు మాత్రలు మింగాక ఆ రోగి, భార్యతో కలిసి మా ల్యాబుకు వచ్చాడు. అప్పటికి వరి కోతలు అయిపోయి, చేలో మినుము కాపుకొచ్చింది. నేను అన్నాళ్ళూ చూసింది ఆయన రక్తాన్నే. మనిషి ఇంత పొడుగరి అని, నవ్వితే పన్ను మీద పన్ను కనపడుతుందని ఊహించలేదు. కౌలుకు తీసుకుని వరి వేస్తాడట. కాలి మీద చిన్న పుండుతోనే ఆ ఏడు నాట్లలో దిగాడట.

ఇంక దాచడం నావల్ల కాలేదు. "మీ సీసా రెండుసార్లు వచ్చిందండీ. రెండుసార్లూ వాసన చూసి దుమ్మని రాసింది నేనే. కుక్కరు పాడవకపోతే రెండోది కూడా పోయేది" అన్నాను.

భార్య నన్ను ఎగాదిగా చూసింది. ఆయన మాత్రం వేరే మాట అడిగాడు. "దాన్ని ఒకసారి చూడొచ్చా అండీ?"

పాఠం చెప్పడానికని ఆ ప్లేటును మందులో ముంచి చంపి, అంచు చుట్టూ మైనం పోసి దాచాం. దూరం నుంచి చూపించాను. ఆయన వంగి చాలాసేపు చూశాడు.

"మీరు వాసన చూసి దుమ్మన్నారుగా. ఎట్టా ఉంటదండీ?"

"తొలకరి వానకు తడిసిన మట్టి వాసన. అందుకే బయటి నుంచి పడిందనుకున్నాను."

"నన్నడగాల్సిందండీ" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, మామూలుగా. "పైన వార్డులోనేగా ఉంది నేను. నెల రోజులు మోకాలి లోతు బురదలో ఉండొచ్చినోణ్ణి. నా రక్తం మట్టి వాసనొస్తందంటే, అది మా చేలోదేనని నేనే చెప్పేవాణ్ణి."

ఇరవై ఏళ్ళుగా సీసాలు చూస్తున్నాను. ఆ రక్తం తాలూకు మనిషి పొద్దున్న లేచి ఏం పని చేస్తాడని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ తరవాత వానాకాలంలో ప్లేట్లను అయిదు రోజులు ఉంచడం మొదలుపెట్టాం. దాదాపు ప్రతి ఏడూ ఒకరో ఇద్దరో అలాంటివాళ్ళు దొరికారు. వియత్నాం నుంచి ఎవరూ రాలేదు. అది ఎప్పటినుంచో ఇక్కడే ఉంది, మేమే రెండో రోజున ఉడకబెట్టి పారేస్తూ వచ్చాం. అంతకుముందు ఎన్ని పారేశామో లెక్క లేదు. ఆ ఆలోచన వచ్చినప్పుడు ఈ ఒక్క మనిషి పన్ను మీద పన్ను నవ్వు తలుచుకుంటాను.

వాళ్ళు వచ్చి వెళ్ళిన మర్నాడు మా డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి, ఫారంలో పేరు, వయసు, వార్డు పక్కన ఇంకో గడి గీయించమన్నాను. ఏం పని చేస్తారు అని. మొన్న మా ల్యాబు నుంచి వచ్చిన పిల్లల్ని అడిగితే ఆ గడి ఇంకా ఉందన్నారు. ఖాళీగా వస్తే ఏం చేస్తారని అడిగాను.

"మేమే పైకెళ్ళి అడిగొస్తాం మేడం" అన్నారు.